తూర్పు రాయలసీమ పట్టభద్రుల స్థానం: 2029 ఎన్నిక ముందు ఏడాదే మొదలవుతుంది

నెల్లూరు శివార్లలో పొదలకూరు రోడ్డు వైపు ఉన్న మా కాలనీలో ఇంటికి ఒకరో ఇద్దరో పట్టభద్రులు ఉంటారు. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కృష్ణపట్నం వైపు పనులకు వెళ్ళే ఇంజనీర్లు, పోటీ పరీక్షలకు చదువుకుంటున్న పిల్లలు కలిసి ఉండే ఇలాంటి కాలనీలు ఒంగోలు, తిరుపతి, చిత్తూరు చుట్టూ కూడా పెరిగాయి. శాసనమండలిలోని మన పట్టభద్రుల స్థానం గురించి వ్రాయాలని నేను చాలా కాలంగా అనుకుంటున్నాను. శాసనసభ ఎన్నికల గురించి గంటల తరబడి మాట్లాడుకునే మా వీధిలో, ఈ స్థానానికి ఓటు ఎలా వస్తుందో తెలిసినవారు చాలా తక్కువ.

పేరులో తూర్పు రాయలసీమ అని ఉన్నా, ఇది ఉమ్మడి ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు జిల్లాల స్థానం. నల్లమల అంచున ఉన్న యర్రగొండపాలెం నుంచి మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్న కుప్పం వరకు 36 శాసనసభ నియోజకవర్గాలు దీని పరిధిలోకి వస్తాయి. 2022లో జిల్లాలను విడదీసినా ఈ స్థానం మాత్రం పాత సరిహద్దులతోనే కొనసాగింది. ఇంత విశాలమైన స్థానంలో ఏ అభ్యర్థీ ఇల్లిల్లూ తిరగలేడు. సంఘాలో, పార్టీ యంత్రాంగమో అతని తరఫున తిరగవలసిందే.

మండలి చరిత్ర కూడా నిలకడైనది కాదు. 1958లో ఏర్పడిన సభ 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. 2020 జనవరిలో శాసనసభ మళ్ళీ రద్దుకు తీర్మానం చేసి, 2021 నవంబరులో దానిని వెనక్కి తీసుకుంది. ఇప్పుడున్న 58 స్థానాలలో పట్టభద్రులు నేరుగా ఎన్నుకునేవి 5 మాత్రమే.

పునరుద్ధరణ తరువాత ఈ ప్రాంతంలో బలంగా వేళ్ళూనుకున్నది ప్రోగ్రెసివ్ డెమొక్రటిక్ ఫ్రంట్, అంటే అందరూ పీడీఎఫ్ అని పిలుచుకునే వేదిక. 2017 మార్చిలో దాని అభ్యర్థి యండపల్లి శ్రీనివాసులురెడ్డి తెలుగుదేశం అభ్యర్థి వేమిరెడ్డి పట్టాభిరామిరెడ్డిని ఓడించారు. ఇదే ప్రాంతానికి మండలిలో విడిగా ఉన్న ఉపాధ్యాయుల స్థానంలో అదే వేదిక నుంచి విఠపు బాలసుబ్రహ్మణ్యం గెలిచారు. అధికారంలో ఉన్న పార్టీని ఒక చిన్న వేదిక ఓడించగలగడానికి కారణం సభలూ ఊరేగింపులూ కావని నా అభిప్రాయం. ఉపాధ్యాయ సంఘాల కార్యకర్తలు పాఠశాలలు, కళాశాలలు తిరిగి, దరఖాస్తులు నింపించి, డిగ్రీ పట్టా నకళ్ళు జత చేయించి, పేర్లు జాబితాకు ఎక్కే వరకు వెంటపడ్డారు. ఈ స్థానంలో అసలు పని అదే.

ఎందుకంటే పట్టభద్రుల ఓటరు జాబితాను ప్రతి ఎన్నికకూ మొదటి నుంచి తయారు చేస్తారు. గతసారి ఓటు వేసినవారు కూడా నమోదు దరఖాస్తు అయిన ఫారం 18 మళ్ళీ ఇవ్వాలి. శాసనసభ జాబితాలో పేరు ఉన్నంత మాత్రాన ఇక్కడ ఓటు రాదు. 2022 చివరలో జరిగిన నమోదుకు ఆ ఏడాది నవంబరు 1 అర్హత తేదీ. దానికి కనీసం మూడేళ్ళ ముందే పట్టా పూర్తయి, ఈ స్థానం పరిధిలో నివాసం ఉన్నవారే అర్హులు. ఆ రోజుల్లో మా వీధిలో నేను కొన్ని దరఖాస్తులు నింపి ఇచ్చాను. పట్టా నకలు మీద గెజిటెడ్ అధికారి సంతకం ఎవరి చేత చేయించాలో తెలియక ఆగిపోయినవారు కొందరు, “గతసారి ఓటు ఉంది కదా అన్నా, మళ్ళీ ఎందుకు?” అని వదిలేసినవారు మరికొందరు. పోలింగు రోజున ఆ రెండో రకం వారిలో ఒకరు బూత్ దాకా వచ్చి, పేరు లేక తిరిగి వెళ్ళడం చూసి నాకు చాలా బాధ కలిగింది.

2023 ఎన్నికను కొంచెం వివరంగా చెప్పుకోవాలి. 2019లో ఈ 36 శాసనసభ స్థానాలలో 31 వైఎస్సార్ కాంగ్రెస్ గెలుచుకుంది. ఆ బలంతో చూసిన ఎవరికైనా మండలి స్థానం కూడా దానిదే అనిపించేది. మార్చి 13న పోలింగు జరిగింది. 16న చిత్తూరులో మొదలైన లెక్కింపు మరునాటికి కూడా సాగింది. ఈ ఎన్నికలో ఓటరు అభ్యర్థులకు 1, 2, 3 అని ప్రాధాన్య క్రమం ఇస్తాడు. మొదటి ప్రాధాన్య ఓట్లతో ఎవరికీ చెల్లిన ఓట్లలో సగం కంటే ఎక్కువ రాలేదు. అప్పుడు అడుగున ఉన్న అభ్యర్థులను ఒక్కొక్కరినే తొలగిస్తూ, వారి ఓట్లలోని తరువాతి ప్రాధాన్యతను మిగిలినవారికి కలుపుతూ పోయారు. చివరకు తెలుగుదేశం అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి పేర్నాటి శ్యాంప్రసాద్ రెడ్డిని ఓడించారు. పోలింగుకు ముందే తెలుగుదేశం, పీడీఎఫ్ తమ రెండో ప్రాధాన్య ఓట్లను పరస్పరం వేయాలని కోరుకున్నాయి. పీడీఎఫ్ స్థానం నిలుపుకోలేకపోయింది గాని, దానివైపు వెళ్ళిన ఓటు రెండో అంకె రూపంలో ఫలితం మీద పనిచేసింది. అదే రోజుల్లో ఉపాధ్యాయుల స్థానాన్ని మాత్రం వైఎస్సార్ కాంగ్రెస్ తరఫున పర్వతరెడ్డి చంద్రశేఖరరెడ్డి గెలుచుకున్నారు. ఒకే ప్రాంతం, ఒకే వారం, రెండు వేర్వేరు తీర్పులు.

ఇక్కడ చెల్లని ఓట్ల సంగతి కూడా చెప్పాలి. బ్యాలెట్ పత్రం మీద పార్టీ గుర్తు ఉండదు. అధికారులు ఇచ్చే ఊదా రంగు స్కెచ్ పెన్నుతో పేరు ఎదుట 1, 2, 3 అని అంకెలు వేయాలి. టిక్కు పెట్టినా, అక్షరాలలో వ్రాసినా, సంతకం చేసినా, ఒకటి అనే అంకెను ఇద్దరికి వేసినా ఆ ఓటు పోయినట్లే. డిగ్రీ చదివినవారి ఎన్నికలోనే ఓట్లు ఇలా చెల్లకుండా పోవడాన్ని నేను తేలికగా తీసుకోలేను. ఓటరుకు ముందుగా ఒక నమూనా పత్రం చూపించి చెప్పేవారు లేకపోవడమే దీనికి కారణమని నా నమ్మకం.

తరువాతి సంవత్సరమే, 2024లో, ఈ 36 స్థానాలలో వైఎస్సార్ కాంగ్రెస్‌కు మిగిలినవి దర్శి, యర్రగొండపాలెం, పుంగనూరు, తంబళ్లపల్లె మాత్రమే. తక్కిన 32 కూటమి గెలుచుకుంది. పట్టభద్రులు 2023లో ముందుగా చెప్పినదే మిగిలిన ఓటర్లు ఏడాది తరువాత చెప్పారని అనుకోవచ్చు. అయితే 2024 లెక్కను పట్టుకొని 2029ని ఊహించడం, 2019 లెక్కతో 2023ని ఊహించినట్లే అవుతుంది.

ఇప్పటి సభ్యుని పదవీకాలం 2029 మార్చి నెలాఖరుతో ముగుస్తుంది. శాసనసభ ఎన్నికలు కూడా ఆ వేసవిలోనే రావాలి. 2023లో రెండు ఎన్నికల మధ్య ఏడాదికి పైగా వ్యవధి ఉంది. ఈసారి వారాలే ఉండవచ్చు. పార్టీల యంత్రాంగమంతా అప్పటికే రంగంలో ఉంటుంది కనుక, స్వతంత్ర వేదికలకు అది పెద్ద ఇబ్బంది. 2025 ఫిబ్రవరిలో కృష్ణా-గుంటూరు పట్టభద్రుల స్థానంలో పీడీఎఫ్ నాయకుడు కె.ఎస్. లక్ష్మణరావు తెలుగుదేశం అభ్యర్థి ఆలపాటి రాజేంద్రప్రసాద్ చేతిలో ఓడిపోవడం, ఉభయ గోదావరి స్థానం కూడా తెలుగుదేశానికే దక్కడం గమనిస్తే, సంఘాల బలం మీద నడిచే రాజకీయానికి చోటు తగ్గుతోందనిపిస్తుంది. ఇది నాకు ఇష్టమైన పరిణామం కాదు. అదే సమయంలో ఉత్తరాంధ్ర ఉపాధ్యాయుల స్థానంలో అధికార పక్షం మద్దతు ఇచ్చిన అభ్యర్థి ఓడి, ఉపాధ్యాయ సంఘమైన పీఆర్‌టీయూకు చెందిన గాదె శ్రీనివాసులునాయుడు గెలిచారు కాబట్టి, ఆ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు.

నా అంచనా ఇది: తెలుగుదేశం ఇప్పటికి ముందంజలో ఉంది. వైఎస్సార్ కాంగ్రెస్ గట్టి పోటీ ఇవ్వాలంటే నమోదు దశలోనే మేల్కోవాలి. పీడీఎఫ్ రెండో ప్రాధాన్య ఓటు ఎటు పోతుందన్నది, మొదటి లెక్కలో ఎవరికీ సగం దాటకపోతే, మళ్ళీ తీర్పునిస్తుంది. ఉద్యోగ నోటిఫికేషన్ల విషయంలో మా వీధి పిల్లలు చెప్పే మాటలను బట్టి చూస్తే, ఏ ప్రభుత్వమైనా వారి ఓటును తనదిగా అనుకోవడానికి లేదు.

పాత పద్ధతే కొనసాగితే 2028 నవంబరు 1 అర్హత తేదీ అవుతుంది. అంటే 2025 అక్టోబరు నెలాఖరులోపు పట్టా చేతికి వచ్చినవారి వరకే ఆ జాబితాలో చోటు. మా వీధిలో అలాంటి పిల్లలు ఎవరెవరు ఉన్నారో నేను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకోవడం మొదలుపెట్టాను.