1790 ఫిబ్రవరిలో మాసిపోయిన ఒక వరుస: లింకన్‌షైర్ వెతుకులాట, ఐదో విడత

దొరికినట్టే దొరికి చేజారింది. పారిష్ (ఒక చర్చి పరిధిలోని ఊరు) భూస్థాపనల రిజిస్టరులో మాసిపోయిన ఒక పేరు, ఏటా బిషప్‌కు పంపే నకలు తెప్పిస్తే తేలిపోతుందనుకున్నాను. ఆ నకలులో అది అసలు లేనే లేదు. రెండు వారాల ఆశ అక్కడ ఆగింది కానీ, ఎందుకు లేదో కూపీ లాగితే ఇంకో దారి కనిపించింది.

కొత్తగా చదివేవారికి రెండు ముక్కలు. సికింద్రాబాద్‌లో స్థిరపడ్డ ఒక ఆంగ్లో-ఇండియన్ కుటుంబపు మూలపురుషుడు కంపెనీ వారి మద్రాసు పటాలంలో చేరిన సిపాయి. ఊరు ఇంగ్లండులోని లింకన్‌షైర్ వోల్డ్స్ గుట్టల్లోని ఒక పల్లె. అతని తండ్రి ఏ సమాధుల తోటలో ఉన్నాడన్నదే ప్రశ్న. కొడుకు, అంటే ఆ సిపాయి, బాప్తిస్మం 1788 ఏప్రిల్‌లో జరిగింది. తల్లి 1793 నవంబర్‌లో మళ్ళీ పెళ్ళి చేసుకుంది, రిజిస్టరులో ఆమె పేరు పక్కన వితంతువు అని ఉంది. ఈ రెండూ గంటలో దొరికాయి.

కాబట్టి తండ్రి చావు ఈ రెండింటి మధ్యే జరగాలి. బిడ్డ కడుపులో ఉండగానే పోయి ఉంటే 1787 జూలై దాకా వెనక్కి జరగాలి. మొత్తం 6 సంవత్సరాల 4 నెలలు. వదిలేసి పోయాడేమో అన్న అనుమానానికి ఈ లెక్కే జవాబు. భర్త ఏడేళ్ళపాటు ఆచూకీ లేకుండా పోతే తప్ప రెండో పెళ్ళి చేసుకున్న భార్యకు అప్పటి చట్టం శిక్ష నుంచి మినహాయింపు ఇవ్వదు. ఇక్కడ ఏడేళ్ళు నిండలేదు. అంటే నిజంగానే పోయాడు, ఎక్కడో భూస్థాపన జరిగింది.

ఆ వ్యవధిలో సొంత పారిష్ రిజిస్టరులో 52 భూస్థాపనలు ఉన్నాయి. 51 చదవగలం, వాటిలో అతను లేడు. మిగిలిన ఆ ఒక్కటే 1790 ఫిబ్రవరి వరుస. తేదీ సగం కనిపిస్తుంది, చివర పి అక్షరం ఉంది, మధ్యలో పేరు వెలిసిపోయింది. ఇండెక్స్ చేసినవారు అక్కడ ఖాళీ వదిలేశారు. ఇంటిపేరుతో వెతికినంతకాలం ఇది ఎవరికీ దొరకదు. పైగా ఈ ఇంటిపేరు మధ్యలో జంట ఎస్ ఉంది. పాత రాతలో అందులో మొదటిది పొడుగ్గా ఉంటుంది కాబట్టి ఇండెక్సుల్లో ఆ జంట ఒకచోట ఎఫ్-ఎస్ అనీ, ఇంకోచోట పి అనీ పడింది. జంట ఎస్ ఉన్న చోట నక్షత్రం గుర్తు (ఏ అక్షరాలైనా సరే అని అర్థం) పెట్టి వెతకడం ఒక్కటే పని చేస్తుంది.

ఆ పి అక్షరం విలువైనది. 1783 అక్టోబర్ నుంచి 1794 దాకా రిజిస్టరులో ఎక్కే ప్రతి నమోదుకూ 3 పెన్నీల సుంకం ఉండేది, నిరుపేదలకు మినహాయింపు. పి అంటే పాపర్, పారిష్ ఖర్చుతో పూడ్చిన మనిషి. ఇలాంటివారికి రాతి ఫలకం ఉండటం చాలా అరుదు.

ఇక మాసిన పేరు సంగతి. స్కాన్‌లో పేరు పట్టే చోటు 410 పిక్సెళ్ళు. అదే పేజీలో అదే చేతిరాతలో బాగా కనిపించే ఆరు పేర్లు కొలిస్తే అక్షరానికి సగటున 24 పిక్సెళ్ళు వచ్చింది. అంటే 17 అక్షరాలు, అటూ ఇటూ ఒకటి. మనవాడి పేరు 7, ఇంటిపేరు 8, మధ్య ఖాళీతో కలిపి 16. సరిపోతుంది! కానీ ఆ ఊళ్ళో అదే కొలతకు సరిపోయే పెద్దవాళ్ళు ఇంకో ముగ్గురు ఉన్నారు. వారిలో ఒకరు 1797లో, ఒకరు 1804లో అదే రిజిస్టరులో భూస్థాపన అయ్యారు. ఇక మిగిలింది మనవాడు, ఇంకొకడు. ఫలానావారి కొడుకు, కూతురు అని రాసేంత చోటు వరుసలో లేదు కాబట్టి పిల్లలు కాదనుకుంటున్నాను.

బొమ్మలు సరిదిద్దే గింప్ సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాస్ట్ ఎంత పెంచినా అక్షరం తేలలేదు. కారణం చిన్నదే. ఆన్‌లైన్‌లో ఉన్నది మైక్రోఫిల్మ్ నుంచి తీసిన నలుపు-తెలుపు బొమ్మ. అప్పట్లో వాడిన ఇనుప లవణాల సిరా వెలిసి గోధుమరంగుకి తిరిగినప్పుడు కలర్ ఫోటోలో నీలం ఛానెల్ (నీలం రంగు పొర) ఒక్కదాన్నే విడదీస్తే అక్షరాలు ముదురుగా తేలే అవకాశం ఎక్కువ. బూడిదరంగు స్కాన్‌లో విడదీయడానికి ఛానెల్ ఏముంటుంది? దాని మీద రాత్రంతా కూర్చోవడం దండగ.

బిషప్ నకలు దగ్గర మొదట ఏమరుపాటే జరిగింది. ఏటా పారిష్ నుంచి బిషప్‌కు పంపే ఆ నకళ్ళు చాలాచోట్ల మార్చి 25 నుంచి మార్చి 24 దాకా నడుస్తాయి. 1752లో క్యాలెండర్ మారి సంవత్సరం జనవరి 1కి జరిగినా ఈ అలవాటు పోలేదు. కాబట్టి 1790 ఫిబ్రవరి నమోదు 1790 కాగితంలో ఉండదు, 1789 కాగితంలో ఉండాలి. అదీ తెప్పించాను. ఆ ఏడాదికి రిజిస్టరులో 9 భూస్థాపనలు ఉంటే నకలులో 8 ఉన్నాయి. కాగితం చిరగలేదు, మడత దగ్గర సిరా చెరగలేదు. మన వరుసే తప్పిపోయింది.

నా ఊహ ఇది: రిజిస్టరూ నకలూ రెండూ చర్చి గుమాస్తా దగ్గరుండే చిత్తు పుస్తకం నుంచే వేర్వేరుగా దించి ఉంటారు. దించేటప్పుడు ఒక పేరు జారిపోయింది. రిజిస్టరును మూలం అనీ బిషప్ నకలును నకలు అనీ అంటాం కానీ చాలా పారిష్‌లలో రెండూ నకళ్ళే. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో దొరకడం, రెండింట్లో తేదీలు తేడా పడటం ఇందువల్లే. అందుకే ఒకటి చూసి ఆగిపోకూడదని నేను గట్టిగా చెబుతాను.

చుట్టూ 5 మైళ్ళలో ఉన్న 14 పారిష్‌లలో 11 పూర్తయ్యాయి, ఏమీ లేదు. ఈ పనికి పారిష్ రిజిస్టర్ల ఉచిత ఇండెక్స్ సైటు ఫ్రీరెగ్ నాకు అన్నిటికన్నా నచ్చింది. వాలంటీర్లు చేతిరాత చూసి ఎక్కించిన పని అది, అనుమానం ఉన్న అక్షరాన్ని అనుమానంగానే చూపిస్తారు. చందా సైట్లలో పక్కవాళ్ళ వంశవృక్షం నుంచి వచ్చే సూచనలు మాత్రం ముట్టుకోను. అసలు పేజీ బొమ్మ లేని తేదీని నా పట్టికలో ఎక్కించను.

మెథడిస్టు అయి ఉంటాడేమో, వేరే చోట వెతకమని ఒకరు అడిగారు. ఆ రోజుల్లో మెథడిస్టులను కూడా ఎక్కువగా పారిష్ సమాధుల తోటలోనే పూడ్చేవారు కాబట్టి ఆ దారి ఇప్పుడే వద్దు.

ఒకవేళ ఆ వరుస అతనిదే అయినా దొరికేది సమాధుల తోట మాత్రమే, అందులో ఏ మూలో తెలియదు. 1813లో అచ్చు ఫారాలు వచ్చాక కూడా పేరు, నివాసం, తేదీ, వయసు, జరిపించిన పాదిరి సంతకం, ఇంతే. గొయ్యి ఎక్కడో రాసే గడి లేదు. మన సి.పి.బ్రౌన్ 1884లో లండన్‌లో పోతే కెన్సల్ గ్రీన్‌లో పూడ్చారు. అది 1833లో మొదలైన శ్మశానవాటిక. అలాంటి వాటికి సొంత పుస్తకాలు, స్థలాల నంబర్లు ఉంటాయి కాబట్టి గడ్డి తొలగించి చూపించగలిగే సమాధి అది. 1790 నాటి పల్లెకు ఆ భాగ్యం లేదు.

తర్వాతి అడుగు ఓవర్సీర్ల (పారిష్‌లో నిరుపేదల బాగోగులు చూసేవారు) పద్దులు. నిరుపేదను పూడిస్తే శవపేటికకు ఎంత, గొయ్యి తీసినవాడికి ఎంత, గంట కొట్టినవాడికి ఎంత అని పేరుతో సహా పద్దు రాసేవారు. అతను పొరుగూళ్ళో పోయి ఉంటే, అతని బాధ్యత సొంత పారిష్‌దే కాబట్టి ఆ ఖర్చు ఇక్కడి పుస్తకంలోనే పడే అవకాశం ఉంది. ఓవర్సీర్లను ఈస్టర్ సమయంలో నియమించేవారు, పద్దూ ఈస్టర్ నుంచి ఈస్టర్ దాకా నడుస్తుంది. 1790లో ఈస్టర్ ఏప్రిల్ 4న వచ్చింది. అందుకని ఈసారి ఏమరకుండా 1789 అని శీర్షిక ఉన్న పద్దే అడిగాను. దాంతోపాటు ఆ ఒక్క రిజిస్టరు పేజీకి 600 డీపీఐ కలర్ ఫోటో, ఏ ఫిల్టరూ వేయకుండా. మిగిలిన 3 పారిష్‌లు ఫోటో వచ్చేలోగా అయిపోతాయి.