ఐ7 సరే, ఏ జనరేషన్?

"అన్నా, ఐ7! ఐ5 రేటుకే ఇస్తానంటున్నాడు, తీసేసుకోనా?" సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ షాపులోంచి మా పిన్ని కొడుకు ఒకటే హడావిడి. (ఐ5, ఐ7 అంటే ఇంటెల్ ప్రాసెసర్ల రకాలు, ఐ7 పైమెట్టు.)

స్టిక్కర్ కాదురా, సిస్టమ్ ప్రాపర్టీస్ తెరిచి చూపించు అన్నాను. వాడికి నచ్చింది ఐ7-7500యూ, వద్దని పక్కన పెట్టింది ఐ5-8250యూ.

మొదటిది 2016 నాటి ఏడో జనరేషన్, ఐ7 అన్న పేరే గానీ ఉన్నవి రెండు కోర్లు (పని చేసే మెదళ్ళు అనుకోండి). రెండోది 2017లో వచ్చిన ఎనిమిదో జనరేషన్, నాలుగు కోర్లు, ఎనిమిది థ్రెడ్లు (అంటే ఒకేసారి ఎనిమిది పనుల వరుసలు). తయారీ టెక్నాలజీ రెండిటికీ 14 నానోమీటర్లే, పవర్ లెక్క రెండిటికీ 15 వాట్లే, అయినా ఒక్క ఏడాదిలో ఇంటెల్ కోర్లు డబుల్ చేసేసింది (పోటీ కంపెనీ ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ దిగింది కూడా ఆ ఏడాదే, పోటీ అంటే అదీ).

"మరి ఐ7కి 2.7 గిగాహెర్ట్జ్ ఉంది, ఐ5కి 1.6 ఏ కదా?" అంటాడు. అది బేస్ స్పీడ్, అంటే మామూలు వేగం నాయనా, టర్బోలో (అవసరమైనప్పుడు అందుకునే గరిష్ఠ వేగంలో) ఐ7 3.5, ఐ5 3.4, అంతే తేడా. కాకపోతే సన్నటి లాప్‌టాప్‌లో నాలుగు కోర్లూ కలిసి పరిగెడితే వేడెక్కి స్పీడ్ తగ్గుతుంది, అది మాత్రం నిజం.

పైగా విండోస్ 11కి మైక్రోసాఫ్ట్ ఒప్పుకునేది, ఒకటీ అరా మినహాయిస్తే, ఎనిమిదో జనరేషన్ నుంచే. ఏడుకీ ఎనిమిదికీ మధ్య అంత పెద్ద గోడ ఎందుకు కట్టారో నాకైతే ఇప్పటికీ మింగుడుపడదు.

మొత్తానికి ఐ5కే ఒప్పుకున్నాడు, ఫ్రెండ్స్‌కి ఐ7 అని చెప్పుకునే ఛాన్స్ పోయిందని కాస్త మొహం మాడ్చుకుని. ఇప్పుడు బ్యాటరీ మార్పించి ఇవ్వమని బేరం నడుస్తోంది.