ఆరోగ్య పరిరక్షణ నిమిత్తం

శనివారం సాయంత్రం ఏడు దాటగానే మా బావ ఫోను చేస్తాడు. పలకరింపు ఉండదు, కుశల ప్రశ్న ఉండదు. ‘ఈ రాత్రి గ్లాసులో ఏమిటి బావా?’ అంటాడు. నేను చెబుతాను. అతనిది అతను చెబుతాడు. నెలలో రెండు శనివారాలు మాత్రం ఫోనుతో ఆగదు, నలుగురం మా డాబా మీద కూర్చుంటాం.

మాది మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా బల్లార్‌పూర్. నేను బొగ్గు గనిలో జీతాల గుమాస్తాగా చేసి రిటైరయ్యాను. బావ కాగితం మిల్లు మనిషి. మూడో ఆయన రైల్వే గార్డు. నాలుగో ఆయన గనుల్లో సర్వేయరు, మా అందరికన్నా పెద్ద, ఆయన్ను సర్వేయరు గారనే పిలుస్తాం. నలుగురి తండ్రులూ కరీంనగర్, ఆదిలాబాద్ వైపు నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవాళ్ళే. మాకు ఇంట్లో తెలుగు, బజారులో హిందీ, కాగితాల మీద మరాఠీ.

డాబా మీద ఒక నియమం ఉంది. ఒక పెగ్గు, మహా అయితే రెండు. పోసుకున్నవాడు ముందు వాసన చూసి, అది దేన్ని గుర్తుకు తెస్తోందో తెలుగులో చెప్పాలి. ‘బాగుంది’ అన్నవాడు కిందికి వెళ్ళి పల్లీలు వేయించుకు రావాలి. మొదటి ఏడాదంతా బావే వేయించాడు.

ఇంత క్రమశిక్షణగా తాగే మాకు చట్టం దృష్టిలో తాగే అర్హతే లేదని చాలా ఆలస్యంగా తెలిసింది.

దానికి ముందు నిషేధం సంగతి చెప్పాలి. 2015 ఏప్రిల్ 1న చంద్రపూర్ జిల్లాలో మద్యనిషేధం వచ్చింది. ఏప్రిల్ ఒకటి కాబట్టి బావ మొదట నమ్మలేదు. అది పైనుంచి ఊడిపడ్డ నిర్ణయం కాదు, ఆడవాళ్ళు ఏళ్ళ తరబడి పోరాడి సాధించుకున్నది. మా ఆవిడ కూడా సంతకం పెట్టింది. మా వీధిలో జీతం రోజున ఏ ఇంట్లో ఏం జరిగేదో జీతాలు లెక్కకట్టిన నాకు తెలుసు కాబట్టి, ఆ సంతకం గురించి నేను ఒక్క మాట అనలేదు. దొంగచాటున దొరికే సరుకు మాత్రం ముట్టకూడదని నలుగురం అనుకున్నాం. అందులో ఏం కలుస్తుందో కలిపినవాడికే తెలియదు.

ఆ ఆరేళ్ళూ మా డాబా కాగజ్‌నగర్‌కు మారింది. అక్కడ బావకు అక్కగారిల్లు ఉంది. రైలెక్కితే మాణిక్‌గఢ్, విరూర్, మకుడి దాటి తెలంగాణలో దిగుతాం. రెండు నెలలకోసారి వెళ్ళి, తాగి, అక్కడే పడుకుని, పొద్దున్నే ఖాళీ చేతులతో వచ్చేవాళ్ళం. ఒక రాష్ట్రంలో పన్ను కట్టిన సీసా ఇంకో రాష్ట్రంలోకి అనుమతి లేకుండా రాకూడదు. సగం సీసా వదిలి రావాల్సి వచ్చినప్పుడల్లా గార్డుగారి ముఖం పిల్లను అత్తారింట్లో దిగబెట్టి వస్తున్నవాడిలా ఉండేది.

2021 మే నెలాఖరులో మంత్రివర్గం నిషేధం ఎత్తేసింది. వానలు మొదలయ్యే వేళకు దుకాణాలు తెరుచుకున్నాయి. డాబా మళ్ళీ డాబా అయింది. సరిగ్గా అప్పుడే సర్వేయరు గారు పల్లీలు నములుతూ, ‘మీలో పర్వానా ఎవరికుంది?’ అన్నారు.

ఎవరికీ లేదు.

మహారాష్ట్రలో ఇప్పటికీ నడుస్తున్నది 1949 నాటి బొంబాయి మద్యనిషేధ చట్టం. పేరులోనే నిషేధం ఉంది. అంటే ఈ రాష్ట్రంలో తాగకపోవడమే నియమం, తాగడం మినహాయింపు. ఆ మినహాయింపు కాగితమే పర్వానా. అది ఉంటేనే కొనాలి, ఉంచుకోవాలి, తాగాలి. విస్కీ లాంటి వాటికి పాతికేళ్ళు నిండి ఉండాలి. ఒక రోజు పర్వానాకు విదేశీ మద్యమైతే 5 రూపాయలు, దేశీ అయితే 2. ఏడాదికి 100. జీవితాంతానికి 1000. ‘విదేశీ’ అంటే ఓడెక్కి వచ్చిందనుకునేరు, మన దేశంలో తయారైన విస్కీ, రమ్ము కూడా ఆ లెక్కలోకే వస్తాయి. సీసాతో పాటు ఆ ఐదు రూపాయల చీటీ కూడా అడిగి తీసుకున్నవాణ్ణి నేనైతే ఇంతవరకు చూడలేదు.

జీవితాంతానికి వెయ్యి అనగానే నాలోని గుమాస్తా నిద్రలేచాడు. ఇంకో పదిహేనేళ్ళు బతుకుతాననుకున్నా, ఏడాదికి వంద చొప్పున 1500 అవుతుంది. ఐదు వందలు మిగులు. మా ఆవిడకు ఈ లెక్క చెబితే, ‘పదేళ్ళ లోపు పోతే నష్టమే కదండీ’ అంది.

ఇంటర్నెట్ సెంటరుకు వెళ్ళాను. ఆధార్, ఫోటో, చిరునామా కోసం కరెంటు బిల్లు పట్టుకెళ్ళాను. అరగంటలో అయిపోయే పని. కాలేదు, కారణం నా పేరు.

మహారాష్ట్రలో స్థిరపడ్డ తెలుగువాళ్ళందరికీ ఈ తలనొప్పి తెలుసు. ఇక్కడి దరఖాస్తులో మూడు గళ్ళుంటాయి. మొదట మన పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఆడనావ్, అంటే ఇంటిపేరు. మనకేమో ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత, తండ్రి పేరు మధ్యలోకి రానే రాదు. నా ఆధార్‌లో ఉన్నది ఆ తెలుగు వరస. సెంటరు కుర్రవాడు ఉన్నది ఉన్నట్టు ఎడమ నుంచి కుడికి గళ్ళు నింపేశాడు. దాంతో మా ఇంటిపేరు మనిషైంది, నేను ఆ మనిషి ఇంటిపేరునయ్యాను. ఇది మా ఇంట్లో కొత్త కాదు. మా అమ్మాయి బడిలో చేరినప్పుడూ ఇదే జరిగింది, పదో తరగతి సర్టిఫికెట్టులో దాని ఇంటిపేరు నా పేరే. అంటే నేను ఒక వంశానికి మూలపురుషుణ్ణి.

రెండో చిక్కు కరెంటు బిల్లు. అది ఇంకా మా నాన్న పేరు మీదే వస్తోంది. నాన్న పోయి పాతికేళ్ళు దాటింది. బిల్లు ఠంచనుగా కడుతున్నప్పుడు పేరు ఎవరిదైతే ఏమిటని మేమెవరమూ మార్పించలేదు.

పదకొండు రోజులకు ఫోనుకు సందేశం వచ్చింది. దరఖాస్తు తిరస్కరించారు. పేరు సరిపోలేదు, చిరునామా పత్రం వేరే వ్యక్తిది. తప్పు కార్యాలయానిది కాదు, చూసుకోకుండా బటన్ నొక్కించిన నాది. బస్సెక్కి వెళ్ళాను. బల్ల వెనక మా అమ్మాయి వయసు పిల్ల కూర్చుని ఉంది. ‘కాకా, మీ ఆడనావ్ ఏది?’ అని మరాఠీలో అడిగింది. చెప్పాను. ‘మరి ఇక్కడ రాసినది?’ అది నా పేరమ్మా. ‘మరి ఈ మొదటి గడిలో ఉన్నాయన?’ అది మా వంశమంతా కలిపి. ఆ పిల్ల నవ్వు ఆపుకుంటూ కరెంటు బిల్లు తిప్పి చూసింది. ‘ఈ పేరున్న కాకా వస్తే ఆయనకు ఇవ్వచ్చు’ అంది. ఆయన రారమ్మా అన్నాను. అర్థమై, వెంటనే తల దించుకుంది.

నాన్న గనిలో ముప్ఫై ఏళ్ళు పనిచేశాడు. షిఫ్టు దిగి అందరూ సారా దుకాణం వైపు నడుస్తుంటే ఆయన ఇంటి వైపు నడిచేవాడు. ఒక్క చుక్క ముట్టలేదు. అలాంటి మనిషి పేరు మీద మద్యం పర్వానా అడిగినవాణ్ణి నేను. తిరుగు బస్సులో ఆ సంగతి తట్టి చాలాసేపు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఆ పిల్ల చీటీ మీద మూడు గళ్ళు గీసి, ఏది ఎక్కడ రాయాలో రాసిచ్చింది. చిరునామాకు ఓటరు కార్డు పెట్టమంది, అందులో అదృష్టవశాత్తు నేను నేనుగానే ఉన్నాను. రెండోసారి సెంటరు కుర్రవాడి పక్కనే కూర్చుని అక్షరం అక్షరం చదివించుకున్నాను. ఈసారి తొమ్మిది రోజులు పట్టింది.

పర్వానా చేతికొచ్చాక దాన్ని మా ఆవిడకు చదివి వినిపించడం నేను చేసిన పెద్ద పొరపాటు. ఈయన తన ఆరోగ్య పరిరక్షణ నిమిత్తం విదేశీ మద్యం వాడుకోవచ్చునని అందులో ఉంటుంది. నవ్వకండి, చట్టం మాట అదే. మా ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని తనే ఇంకోసారి చదివింది. ‘బీపీ మాత్రకు కూడా ఇలాంటి కాగితం ఇస్తారేమో కనుక్కోండి. అప్పుడైనా గుర్తుపెట్టుకుని వేసుకుంటారు’ అంది.

ఇక ఈ పర్వానాకు తగిన సీసా కావాలి. అమృత్ ఫ్యూజన్ అనే విస్కీ తెప్పిద్దామని సర్వేయరు గారన్నారు. మా దుకాణంలో లేదు. నాగపూర్‌లో దొరుకుతుంది. తేవడం ఎలా? రోడ్డు మీద వస్తే జామ్ దగ్గర వార్ధా జిల్లా గుండా రావాలి. గాంధీగారు ఉన్న నేల కాబట్టి అక్కడ ఎప్పటినుంచో మద్యనిషేధం. రైల్లో వస్తే సాక్షాత్తూ సేవాగ్రామ్ స్టేషన్ మీదుగానే రావాలి. విస్కీ సీసాతో సేవాగ్రామ్ దాటడానికి గార్డుగారు ఒప్పుకోలేదు, చట్టం కోసమో బాపూ కోసమో చెప్పలేదు. చంద్రపూర్ దుకాణదారుకు చెప్పి తెప్పించుకునేసరికి మూడు వారాలు గడిచాయి.

ఆ శనివారం మిగతా ముగ్గురూ ఐదు రూపాయల చీటీలతో వచ్చారు. ‘నువ్వు చచ్చేదాకా తాగొచ్చు బావా, మాకు ఈ ఒక్క రోజే’ అని బావ చీటీని జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు.

అమృత్ బెంగళూరు వాళ్ళది. 2004లో తమ సింగిల్ మాల్ట్‌ను, అంటే ఒకే బట్టీలో మొలకెత్తిన బార్లీతోనే తీసిన విస్కీని, ముందుగా తీసుకెళ్ళి స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో అమ్మకానికి పెట్టారు. తిరుపతిలో లడ్డూ దుకాణం తెరిచినట్టు. ఫ్యూజన్‌లో మన దేశపు బార్లీ, పీట్ అనే ఇంధనపు పొగ పట్టిన స్కాట్లాండ్ బార్లీ రెండూ ఉంటాయి. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే చవక సీసాల్లో చాలావాటికి ఆధారం చెరకు మొలాసిస్ నుంచి తీసిన స్పిరిట్టు. ఐరోపాలో దాన్ని విస్కీ అనరు, ధాన్యం నుంచే రావాలంటారు.

సీసా మీద వయసు రాసి లేదని బావ అనుమానపడ్డాడు. స్కాట్లాండ్‌లో పన్నెండేళ్ళు, పద్దెనిమిదేళ్ళు అని గర్వంగా రాస్తారు కదా అన్నాడు. మళ్ళీ నాలోని గుమాస్తా లేచాడు. పీపాలోంచి ఏటా కొంత గాలిలో కలిసిపోతుంది, దాన్ని దేవతల వాటా అంటారు. స్కాట్లాండ్ చలిలో అది ఏడాదికి నూటికి సుమారు 2. బెంగళూరులో 10కి తక్కువ కాదు. 100 లీటర్లు పోస్తే అక్కడ పన్నెండేళ్ళకు 78 లీటర్లు మిగులుతాయి, ఇక్కడ నాలుగేళ్ళకే 66. వేడికి సరుకు తొందరగా ముదురుతుంది, తొందరగా హరిస్తుంది. ‘మన చంద్రపూర్ మే నెల ఎండలో పెడితే?’ అన్నాడు గార్డుగారు. దేవతలు పీపా కర్రను కూడా వదలరన్నాను.

గ్లాసులో పోశాం. సోడా లేదు, ఐసు లేదు. ఇది 50 శాతం మద్యం, ముక్కు దగ్గరగా పెడితే మంటే తెలుస్తుంది. అందుకని ఒక చెంచాడు నీళ్ళు కలిపాం. నీళ్ళు కలిపితే రుచి పోతుందని వాదించేవాళ్ళకు నా దగ్గర జవాబుంది. పొగ వాసనకు కారణమైన గ్వాయకాల్ అనే పదార్థం, నీళ్ళు కలిసి మద్యం పలచబడే కొద్దీ పైపొరకు చేరుతుందని 2017లో స్వీడన్ పరిశోధకులు కంప్యూటర్ లెక్కలతో చూపించారు. పైకి వచ్చిందే కదా ముక్కుకు తగిలేది.

గార్డుగారు ముందు పట్టారు. బెల్లం పాకం అన్నారు, ముదురు పాకం, అరిసెలకు పట్టేది. నాకు పాకం వెనక ఎండు ఖర్జూరం తగిలింది. బావ కళ్ళు మూసుకుని చాలాసేపు ఉన్నాడు. పల్లీలకు లేస్తాడేమో అనుకున్నాం. ‘వేసవిలో తెల్లవారుజామున ఇప్పచెట్టు కింద’ అన్నాడు. పువ్వు రాలి నేల మీద కాస్త పులిసినప్పటి తీపి. మా పక్క అడవుల్లో పెరిగిన ముక్కుకు తప్ప ఇంకెవరికీ అది దొరకదు. ఆ మాటకు నేను లేచి అతని చేయి పట్టుకున్నాను.

చివరికి సర్వేయరు గారు. ఆయన పొగ దగ్గర ఆగిపోయారు. ‘ఇది సిగిడి’ అన్నారు. మా గని కాలనీల్లో బొగ్గుల పొయ్యిని సిగిడి అంటాం. సాయంత్రం ప్రతి గుమ్మం ముందూ వెలిగించి పెట్టేవాళ్ళు, వీధంతా నీలం పొగ. గ్యాసు వచ్చాక పోయింది. స్కాట్లాండ్ బార్లీ పొగలో మన సిగిడి ఎలా వచ్చిందని బావ అడిగాడు. అప్పుడాయన గ్లాసు కింద పెట్టి, నలభై ఏళ్ళు భూగర్భంలో కొలతలు తీసిన మనిషిలా చెప్పారు. పీట్ అంటే చిత్తడి నేలలో చచ్చిన మొక్కలు పూర్తిగా కుళ్ళకుండా పొరలు పొరలుగా పేరుకున్నది. వాళ్ళు దాన్ని కోసి, ఎండబెట్టి, కాల్చి, ఆ పొగకు మొలకెత్తిన బార్లీని ఆరబెడతారు. అదే పొర భూమి లోపలికి కూరుకుపోయి, కోట్ల ఏళ్ళు బరువు కింద నలిగితే బొగ్గవుతుంది. ‘పీట్ అంటే బొగ్గు చిన్నతనం’ అన్నారు.

నేను గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఇంతకుముందు మంట అనుకున్నది ఇప్పుడు షిఫ్టు దిగి వచ్చిన నాన్న చొక్కా వాసనలా ఉంది. ఆ మాట పైకి చెప్పలేదు. నా వంతుకు ఎండు ఖర్జూరం ముందే చెప్పేశాను కాబట్టి నియమం తప్పలేదు.

మర్నాడు పొద్దున్నే బావ ఫోను. అతనికీ జీవితాంతం పర్వానా కావాలట, ఏమేం కాగితాలు కావాలో చెప్పమన్నాడు. ఓటరు కార్డు పెట్టమన్నాను. మా చెల్లెలు దాన్ని ఎక్కడో పెట్టి మర్చిపోయిందన్నాడు. పది నిమిషాలకు కరెంటు బిల్లు ఫోటో పంపాడు. అది వాళ్ళ తాత పేరు మీద ఉంది.