పట్టుకునే పని

నా మొదటి వీసా కాగితంలో వృత్తి అన్న చోట 'హెల్పర్' అని ఉంది. పరకాల దగ్గర మా ఊర్లో మాది వడ్లవాళ్ల, అంటే వడ్రంగుల ఇల్లు. తాత నాగళ్లు, గుంటుకలు, బండ్లు చేశాడు. బాపు దర్వాజలు, కిటికీలు చేశాడు. పదమూడేళ్లకే నాకు రందా కొట్టడం వచ్చు. అయినా 2007లో దుబాయ్ పోయేటప్పుడు "కార్పెంటర్ వీసాలు అయిపోయినయి, హెల్పర్ ఉన్నది, పోతవా?" అని ఏజెంట్ అడిగితే పోతానన్నాను. అప్పు తెచ్చిన పైసలు అప్పటికే ఆయన జేబులో ఉన్నాయి మరి.

హెల్పర్ అంటే ఏం పనో అక్కడికి పోయాక తెలిసింది. పట్టుకోవడం. షట్టరింగ్ ప్లైవుడ్ పట్టుకో, నిచ్చెన పట్టుకో, టేపు కొస పట్టుకో. అక్కడ నాకు ముందుగా ఒంటబట్టిన హిందీ మాట 'పకడ్'. నిజం చెప్పాలంటే అది నాకు కొత్త పనేం కాదు. చిన్నప్పుడు బాపు దగ్గర నా కొలువు అదే. "గట్టిగ వట్టు బిడ్డా, కదలనియ్యకు" అనేవాడు. రంపం పోటుకు చెక్క అదిరితే ఆ అదురు నా మోచేతుల దాకా పాకేది. నేను బడికి పోయిన రోజు ఆ పని ఆయన కాళ్లదే. నేల మీద కూర్చుని, చెక్కను రెండు పాదాల మధ్య ఇరికించి, బొటనవేళ్లతో అదిమిపట్టి ఉలి దింపేవాడు. మా తాత కాలి బొటనవేలైతే పక్క వేలితో పొత్తు లేనట్టు విడిగా ఉండేది.

2009లో దుబాయ్‌లో కట్టడాలు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మా కంపెనీ రెండు నెలల జీతం బాకీ పెట్టి మూతపడింది. ఆ పైసలు ఇప్పటికీ రాలేదు, ఇక రావు. మెట్‌పల్లికి చెందిన రూమ్మేట్ ఒకాయన చొరవతో షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ఫర్నిచర్ షాపులో కుదిరాను. ముందర అంతా ఎమ్‌డీఎఫ్ (కట్టె పీచును జిగురుతో అదిమిన పలక), లామినేట్, కిచెన్ క్యాబినెట్లు. వెనక రేకుల షెడ్డులో మాత్రం పాత సామాను బాగుచేసే పని. తెల్లవాళ్ల కుర్చీలు, లెబనాన్ వాళ్ల అద్దాల బల్లలు, అరబ్బుల ఇళ్లలోని మందూస్‌లు. మందూస్ అంటే ఇత్తడి మేకులు తాపడం చేసిన పెండ్లి పెట్టె. వాటిలో ఎన్నో ఒకప్పుడు మన దేశం నుంచే పడవల మీద పోయినవి. ఆ షెడ్డుకు పెద్ద ఒక మలయాళీ మేస్త్రీ. వాళ్ల దగ్గర వడ్రంగిని ఆశారి అంటారట, మేమూ ఆయన్ని అట్లాగే పిలిచేవాళ్లం. అక్కడ కూడా నేను హెల్పర్‌నే.

ఒకరోజు ఆశారి అక్రోట్ చెక్కతో చేసిన చిన్న సొరుగు పిడికి బెజ్జం వేయమన్నాడు. నిమ్మకాయంత ముక్క. డ్రిల్ ప్రెస్ బల్ల మీద పెట్టి ఎడమచేత్తో పట్టుకున్నాను. పట్టుకోవడమే కదా నా విద్య! బిట్టు అడుగుకు చేరేసరికి చెక్కను కరిచింది. ముక్క బొంగరంలా తిరిగింది, దానితోపాటు నా బొటనవేలు. గోరు సగానికి లేచింది. ఆశారి తిట్టలేదు. కట్టు కట్టించాక గోడకు వేలాడుతున్న వస్తువునొకదాన్ని తెచ్చి డ్రిల్ ప్రెస్ బల్ల మీద పడుకోబెట్టాడు. పిడి ముక్కను దాని మూతిలో పెట్టి బిగించి, "పట్టుకునేది ఇది. నువ్వు పని చెయ్యి" అన్నాడు హిందీలో.

అది చెక్క హ్యాండ్‌స్క్రూ, అంటే ముక్కలను కదలకుండా బిగించి పట్టే క్లాంపు. అలాంటివి ఏడున్నాయి షెడ్డులో. ఎవరో అమెరికన్ దేశం విడిచి పోతూ తన గ్యారేజీ మొత్తం అమ్మేస్తే మా సేఠ్ తెచ్చిన పెట్టెలో వచ్చాయట. గట్టి మేపుల్ చెక్క దవడలు, వాటి మీద జార్గెన్‌సెన్ అన్న ముద్ర. 1903లో షికాగోలో మొదలైన కంపెనీది ఆ సరుకు. రాజస్థాన్ వాళ్లు లకడీ కా శికంజా, అంటే చెక్క క్లాంపు, అనేవాళ్లు. నేనూ మెట్‌పల్లి అన్నా మాత్రం మొసలి అనేవాళ్లం. నిజంగానే నోరు తెరిచిన మొసలిలా ఉంటుంది.

అంతవరకూ నాకు తెలిసినవి ఇనుప జీ-క్లాంపు, ఎఫ్-క్లాంపు. అవి బిగించేటప్పుడు కొసన ఉండే బిళ్ల చెక్కను తనతోపాటు కొంచెం తిప్పుతుంది. జిగురు పూసిన ముక్కలు వెంట్రుకవాసి జరుగుతాయి, అతుకు చెడుతుంది. పైగా బిళ్ల అచ్చు పడకుండా ప్రతిసారీ రేకో పట్టీ ముక్కో అడ్డం పెట్టాలి. మొసలికి ఆ బాధ లేదు. చెక్కను పట్టేది చెక్కే. వెడల్పాటి ముఖం మొత్తం ఆనుతుంది. మర ఎంత తిరిగినా దవడ తిరగదు.

దాని లోపలి ఏర్పాటు అర్థం కావడానికి నాకు వారం పట్టింది. రెండు దవడలు, వాటిని కలుపుతూ రెండు ఇనుప మరలు, ఒకటి నడిమిలో, ఒకటి వెనక తోక దగ్గర. ఒక్కో మర సగం దూరం కుడిచుట్టు, మిగతా సగం ఎడమచుట్టు. అందుకే పిడి తిప్పితే రెండు దవడలూ ఒక్కసారే కదులుతాయి. మర దూరే నట్టు దవడకు అతికి ఉండదు. గుండ్రటి ఇనుప ముక్కలా ఒక బెజ్జంలో కూర్చుని అటూ ఇటూ తిరగగలదు. కాబట్టి దవడలు ఏటవాలుగా కూడా నిలుస్తాయి. మరలు కూడా చెక్కవే అయిన పాత రకంలో ఈ వెసులుబాటు లేదు, దవడలు సమంగా ఉంచే వాడాలి.

పిడులు చెరో వైపు ఉంటాయి. చెరో చేత్తో ఒక్కో పిడి పట్టుకుని సైకిల్ తొక్కినట్టు మొత్తం క్లాంపునే గిరగిరా తిప్పితే నోరు గబగబా తెరుచుకుంటుంది, లేదా మూసుకుంటుంది. మొదట్లో ప్రతిసారీ తప్పు దిక్కుకే తిప్పేవాణ్ణి. జిగురు ఆరిపోతుంటే, ఆశారి చూస్తుంటే, మొసలి నోరు ఇంకా పెద్దగా తెరిచేది. సాయంత్రం క్యాంపు బస్సు కోసం ఎదురుచూసే అరగంట ఒకదాన్ని చేతబట్టుకుని ఉత్త గాలిలోనే తిప్పుతూ ఉండేవాణ్ణి. పాకిస్తానీ డ్రైవర్ ఒకాయన "ఎక్కడికి పోతున్నవు సైకిల్ మీద, ఇండియాకా?" అని నవ్వేవాడు.

బిగించడంలోనే ఉంది అసలు కిటుకు. నడిమి మరను మరీ బిగించొద్దు, చెక్కకు ఆనితే చాలు. ఆ తర్వాత వెనక మర తిప్పాలి. అది దవడల తోకలను ఎడం చేస్తుంది. తోకలు ఎడమైతే నడిమి మర ఇరుసులా నిలబడి మూతులను దగ్గరికి నెడుతుంది. తోక నొక్కితే నోరు తెరిచే బట్టల క్లిప్పుకు ఇది తిరగేసిన లెక్క. కొత్తవాళ్లు నడిమి మరనే కసిగా బిగిస్తారు. అప్పుడు దవడ లోపలి అంచు ఒక్కటే కరుస్తుంది, మూతి దగ్గర సందు మిగులుతుంది, చెక్క మీద గీత పడుతుంది. ఆశారి పరీక్ష ఒకటుండేది. బిగించాక సిగరెట్ పెట్టె కాగితం చీరి మూతి దగ్గర ఒకసారి, లోపల ఒకసారి దూర్చి చూసేవాడు. రెండు చోట్లా దూరకపోతేనే ఒప్పుకునేవాడు.

టేకు కుర్చీ వెనక కాలు ఒకటి నాకు బాగా గుర్తు. పైనుంచి కిందికి సన్నబడే కాలు, నారవెంట నిలువునా చీలింది. ఎఫ్-క్లాంపు వేస్తే ఆ ఏటవాలు మీద సర్రున జారి కిందికి పోయేది. మూడుసార్లు వేశాను, మూడుసార్లూ జారింది. అప్పుడు పది అంగుళాల మొసళ్లు రెండు తెచ్చి, దవడలను కాలి వాలుకు తగ్గట్టు సర్ది, వెనక మరలు మార్చి మార్చి తలా పావు చుట్టు తిప్పుతూ పోయాను. చీలిక మూసుకుంది. సందు పొడవునా ఆవగింజలంత జిగురు బొట్లు వరసగా పైకొచ్చాయి. ఇంకో చుట్టు వేయబోతే ఆశారి నా మణికట్టు పట్టుకున్నాడు. ఇంకా బిగిస్తే జిగురంతా బయటికే వస్తుంది, అతుకులో ఏం మిగలదు అన్నాడు. బాపు మాత్రం ఇంకా గట్టిగా పట్టమనేవాడు ఎప్పుడూ. ఎంత పడితే చాలో నాకు చెప్పినవాడు ఈయనే.

తర్వాత్తర్వాత పాత బజారులో ఇలాంటివి కనబడితే సేఠ్ నన్నే పంపేవాడు చూసి రమ్మని. నేను చూసేది ముందు మరలు. కంటికి ఎదురుగా పెట్టి తిప్పితే కొస ఊగకూడదు. వంగిన మరను ఏం చేసినా బాగుపడదు. తర్వాత నట్టు బెజ్జాల చుట్టూ దవడ. చీలిక పుట్టేది అక్కడే. నార నిటారుగా దవడ పొడవునా పోవాలి, మధ్యలో ముడి ఉంటే వద్దు. పూర్తిగా మూస్తే మూతులు రెండూ కలవాలి. పిడి వదులుగా ఉన్నా, జిగురు మరకలున్నా నేను పట్టించుకోను, బేరానికి పనికొస్తాయి. సైజు విషయానికొస్తే ఎనిమిది అంగుళాల దవడ నాలుగున్నర అంగుళాలు తెరుచుకుంటుంది, పదిది ఆరు, పన్నెండుది ఎనిమిదిన్నర. పెద్దది కొంటే అన్నిటికీ పనికొస్తుందనుకుంటారు గానీ పన్నెండు అంగుళాలది బరువుకే పనిని పక్కకు లాగుతుంది. ఎనిమిదివీ పదివీ జతలుగా ఉంటే చాలా పని సాగుతుంది. ఒక్కటి కొనడం మాత్రం ఒంటి చెప్పు కొన్నట్టే. బల్ల చెక్కలు అతికే వెడల్పు పనికి ఇవి చాలవు, దానికి పొడుగు పైపు క్లాంపులే దిక్కు.

షార్జా ఆగస్టులో గాలే తడిగా ఉంటుంది, రాత్రికి రాత్రే మరలకు తుప్పు కమ్ముతుంది. నూనె పోస్తే అది కారి దవడకు పడుతుంది, అక్కడినుంచి గిరాకీ కుర్చీకి. అందుకని కొవ్వొత్తి మైనం రుద్దేవాళ్లం, మరలకూ దవడ ముఖాలకూ. మైనం మీద జిగురు కూడా అంటదు, ఎండిన బొట్టు గోటితో గీకితే రాలిపోతుంది.

2013లో నా వీసా మారింది. కార్పెంటర్. జీతం పెరిగింది కొంచెమే గానీ, ఆ అరబీ మాటను ఫోటో తీసి ఇంటికి పంపాను, వాళ్లకు చదవడం రాదని తెలిసీ.

2021లో వచ్చేశాను. సేఠ్ లెక్క తేల్చేటప్పుడు రెండు మొసళ్లు అడిగి తెచ్చుకున్నాను. శంషాబాద్‌లో స్కానర్ దగ్గర సూట్‌కేస్ తెరిపించారు. కస్టమ్సాయన దాన్ని తిప్పి తిప్పి చూసి "ఏంటిది, వ్యాయామం సామానా?" అన్నాడు. ఇంట్లో అవ్వ అంతకన్నా సూటిగా అంది. "అందరు దుబాయి నుంచి బంగారం దెస్తరు, నువ్వు కట్టెలు దెస్తివా కొడుకా."

బాపు ఏమీ అనలేదు. పిడి తిప్పి, నోరు తెరిచి మూసి, దవడ మీద గోరుతో గీరి, "ఇది మన కట్టె గాదు" అని పక్కన పెట్టాడు. మర్నాడు చూస్తే అటక మీది పాత బండి చక్రం దింపి ఉంది. తాత చేసిన చక్రం. నడుమ నుంచి అంచుకు పోయే ఆకులన్నీ తుమ్మవి, నల్లబడి ఇనుములా ఉన్నాయి. ఆ చక్రానికి పట్టా ఎక్కించింది నేను చూడలేదు గానీ, ఇంకో చక్రానికి ఎక్కిస్తుంటే చూశాను చిన్నప్పుడు. కమ్మరాయన పిడకల మంటలో ఇనుప పట్టాను ఎర్రగా కాల్చి, పటకార్లతో ఎత్తి చక్రం మీద దించి, బిందెలతో నీళ్లు గుమ్మరించేవాడు. ఆవిరిలో ఏం కనబడేది కాదు, అతుకులన్నీ కిర్రుమంటూ దగ్గరపడే చప్పుడు మాత్రం వినబడేది. మా ఊర్లో శికంజాలు లేవని షార్జాలో అందరికీ చెప్పుకుంటూ తిరిగాను ఇన్నేళ్లు.

నాలుగు ఆకులతో రెండు క్లాంపులకు దవడలు తయారయ్యాయి. మరల కోసం వరంగల్‌లో ఒక లేత్ మిషన్ షాపుకు పోయాను. ఒకే రాడ్డు మీద సగం కుడి, సగం ఎడమ అంటే లేత్ ఆయన తల గోక్కున్నాడు. "ఎడమ త్రెడ్డా? సైకిల్ ఎడమ పెడల్‌కున్నట్టా?"

"గట్లనే అన్నా."

"మరి గట్ల జెప్పరాదు" అని మిషన్ ఆన్ చేశాడు.

తుమ్మ మేపుల్ కన్నా బరువు, బెజ్జం వేస్తుంటే బిట్టు వేడెక్కి పొగలొచ్చింది. మైనం రుద్దాం. మొదటిదాన్ని బాపే బిగించాడు, ఒక పాత దర్వాజ రెక్కకు అతుకు వేస్తూ. నడిమి మర ఆన్చి వదిలేసి, వెనకది రెండు చుట్లు తిప్పి, సందు దగ్గర కన్ను పెట్టి చూసి ఆపాడు. నేనేం చెప్పలేదు. ఆ తర్వాత ఉలి తీసుకుని పక్క గాడి చెక్కడం మొదలుపెట్టాడు. మొసలి రెక్కను కదలకుండా పట్టుకునే ఉంది. బాపు కాలు మాత్రం ఇంకా చెక్క మీదే ఉంది, బొటనవేలు గట్టిగా అదిమి.