ముట్టుకాడు లోతుకు తగిన ఫాయిల్ బోర్డు: నా అనుభవం

చెన్నైలో రెండేళ్లుగా విండ్‌సర్ఫింగ్ చేస్తున్న నాకు ఫాయిల్ బోర్డు కొనాలన్న ఆలోచన గత వేసవిలో ఒక రకమైన విసుగులోంచి పుట్టింది. మధ్యాహ్నం సముద్రం మీది నుంచి వచ్చే గాలి, నేను నీటిలోకి దిగిన రోజుల్లో ఎక్కువగా 10 నుంచి 13 నాట్ల మధ్యే ఉండేది. పడమటి గాలి బలంగా వీచిన రోజుల్లో అదైనా సాయంత్రం దాకా వచ్చేది కాదు. 82 కిలోల బరువున్న నేను 6.5 చదరపు మీటర్ల తెరచాప పట్టుకుని ఎంత ప్రయత్నించినా, అడుగున చేపరెక్కలాంటి ఫిన్ ఉండే మామూలు బోర్డు నీటిని తోసుకుంటూ నడిచేదే తప్ప నీటిపైకి తేలి జారేది కాదు. ఫాయిల్ అయితే అడుగున ఉండే రెక్క బోర్డును నీటి నుంచి పైకి ఎత్తేస్తుంది కనుక ఆ గాలే చాలునని తెలిశాక, వెతకడం మొదలుపెట్టాను.

మొదట చవక మార్గమే చూశాను. నా పాత బోర్డుకు ఫిన్ తీసేసి, ఆ గాడిలోనే ఫాయిల్ బిగించుకోవచ్చునని పాత సామాను అమ్మే ఒకాయన ధైర్యం చెప్పి, అలా బిగించి వాడిన బోర్డునే చూపించాడు. దాన్ని తిరగేసి గాడి చుట్టూ బొటనవేలితో నొక్కి చూస్తే, ఒకచోట పైపొర మెత్తగా లోపలికి దిగింది. ఆ చోటు నుంచి వెంట్రుక మందాన ఒక పగులు బోర్డు వెనక అంచు వైపు పాకి ఉంది. ఫిన్ గాడిని పక్కకు మాత్రమే నెడుతుంది. ఫాయిల్ అలా కాదు, మనిషి బరువంతా మోస్తూ గాడిని ముందుకూ వెనక్కూ గునపం పెట్టి పెకలించినట్టు పెకలిస్తుంది. ఆ భారానికి తగ్గట్టు గాడిని పటిష్ఠం చేసిన బోర్డు, అంటే లోతుగా దిగే డీప్ టటిల్ రకం గాడి గానీ రెండు సమాంతర పట్టాలు గానీ ఉన్నది, కావాలని ఆ రోజే తేల్చుకున్నాను.

ఇక్కడ ఒక మాట. తెరచాపను నిలబెట్టే కర్రనూ మాస్ట్ అంటారు, ఫాయిల్‌లోని నిలువు భాగాన్నీ మాస్టే అంటారు. ఆ గందరగోళం నాకే చాలా రోజులు ఉండింది కాబట్టి, ఫాయిల్‌దాన్ని ఇకపై కాడ అంటాను.

తర్వాత కన్ను పెద్దవాటి మీద పడింది. 2024 పారిస్ ఒలింపిక్స్ కోసం మార్సెయ్‌లో జరిగిన ఐక్యూఫాయిల్ (ఫాయిల్ విండ్‌సర్ఫింగ్) పోటీల్లో వాడిన బోర్డు వెడల్పు 95 సెంటీమీటర్లు. అంత వెడల్పున్నది కొత్తవాడికి నిలకడ ఇస్తుందని నేనే ఒక సూత్రం కల్పించుకున్నాను. నాకు తెరచాప పట్టడం నేర్పిన కాకినాడ మాస్టారు, షిప్పింగ్‌లో రిటైరై తిరువాన్మియూర్‌లో ఉంటున్నారు, అది విని నవ్వారు.

"బాబూ, వాళ్లలో మగవాళ్లు పట్టేది 9 చదరపు మీటర్ల చాప. దాన్ని ఆపుకోవడానికి కాళ్లు అంచు మీద అంత దూరంగా పెట్టుకోవాలి, అందుకే ఆ వెడల్పు. నువ్వు పట్టేది ఆరున్నరే కదా? పైగా వాళ్ల ముందు రెక్క 900 చదరపు సెంటీమీటర్లు. అది లేవాలంటే వేగం కావాలి, నీకు లేనిదే అది."

రెక్క విషయం నా తలకెక్కింది అప్పుడే. రెక్క ఎత్తే బలం దాని విస్తీర్ణాన్ని బట్టీ, వేగపు వర్గాన్ని బట్టీ పెరుగుతుంది. విస్తీర్ణం రెట్టింపైతే దాదాపు 70 శాతం వేగానికే అంత బలం వస్తుంది. పెద్ద రెక్క అంటే అదుపు తప్పించేదని భయపడ్డ నేను, అది నెమ్మదిలోనే లేపుతుంది కనుక పడినా నెమ్మదిగానే పడతానని గ్రహించి, 1,700 చదరపు సెంటీమీటర్లది తీసుకున్నాను. అసలు బోర్డు కంటే ఈ రెక్క ఎంపికే ముఖ్యమని ఇప్పటికీ నా అభిప్రాయం.

బోర్డు ఎన్ని లీటర్లు ఉండాలన్నది మాత్రం కాగితం మీద కూడికతో తేలింది. నేను 82, తెరచాప సరంజామా 9, ఫాయిల్ 5, బోర్డు 8: మొత్తం 104 కిలోలు. ఒక లీటరు ఉప్పునీరు సుమారు 1.025 కిలోలు కాబట్టి, 115 లీటర్ల బోర్డు 118 కిలోల దాకా తేలుస్తుంది, మిగిలేది 14 కిలోలే. అంటే గాలి ఆగిపోయినప్పుడు దాని మీద నిలబడి చాపను నీటిలోంచి పైకి లాగడం సర్కస్ అవుతుంది. అందుకని 140 లీటర్లు, 85 సెంటీమీటర్ల వెడల్పు ఉన్నదాన్ని నిర్ణయించుకున్నాను. ఇంతలో ఒకరు సరిగ్గా ఆ కొలతలతో ఉన్న బోర్డు తక్కువకు ఇస్తామంటే, ఫోటో చూసి ఒప్పుకోబోయి ఆగాను: పైన తెరచాప కర్రను బిగించే గాడే లేదు. అది చేత్తో పట్టుకునే వింగ్ కోసం చేసిన బోర్డు.

కాడ పొడవు దగ్గర నేను ఎక్కువ కాలం ఆగిపోయాను. నేను సాధన చేసేది ఎక్కువగా చెన్నై దగ్గరి ముట్టుకాడు బ్యాక్‌వాటర్‌లో. అక్కడ అడుగు ఎంత లోతులో ఉందో ఎవరిని అడిగినా "నడుం లోతు" అనేవారు, ఎవరి నడుమో చెప్పేవారు కాదు. చివరికి వెదురు కర్ర మీద 10 సెంటీమీటర్లకు ఒక ఎర్ర గీత గీసుకుని, ఒక ఆదివారం పొద్దున ఒడ్డు నుంచి మధ్యకు నడుస్తూ కొలుచుకున్నాను. నేను మలుపు తిరిగే చోట 110 వచ్చింది, అవతలి ఇసుక మేట దగ్గర 80 కూడా లేదు. బోర్డు నీటి మీద ఆగి ఉన్నప్పుడు కాడ మొత్తం కిందికే ఉంటుంది కాబట్టి, 95 సెంటీమీటర్లదైతే మేటకు చాలా ముందే గుచ్చుకుంటుంది. 60 సెంటీమీటర్లది తీసుకుంటే చెన్నై దగ్గరి కోవళం సముద్రపు అలల్లో రెక్క మాటిమాటికీ నీటిపైకి వచ్చి, పట్టు తప్పి బోర్డు ధబ్బున పడుతుంది. 75 దగ్గర రాజీపడి, ఆ మేట వైపు వెళ్లడం మానేశాను.

ఊరు మారుతున్న ఒకాయన దగ్గర ఇవన్నీ కుదిరిన సెకండ్‌హ్యాండ్ బోర్డు, అల్యూమినియం కాడతో దొరికింది. మొదటి రోజుల్లో రెక్క లేచిన ప్రతిసారీ ముక్కు ఆకాశం చూసి వెల్లకిలా పడేవాణ్ణి. మాస్టారి సలహా మీద తెరచాప కర్ర అడుగును 4 సెంటీమీటర్లు ముందుకు జరిపాక, ముందరి కాలి మీద బరువు పడి అది చాలావరకు తగ్గింది. కాలి పట్టీలు నెల రోజులు బిగించనేలేదు.

ఎవరూ ముందుగా చెప్పని సంగతి ఒకటుంది. ఫాయిల్ విప్పకుండా మూడు వారాలు బాల్కనీలో వదిలేస్తే, స్టీలు మరలు అల్యూమినియంలో ఉప్పుకు పట్టేసి, తెల్లని పొడి కక్కుతూ కదలనన్నాయి. కెటిల్‌తో వేడినీళ్లు పోసి, తుప్పు వదిలించే నూనె రాత్రంతా నాననిచ్చి మూడు విప్పగలిగాను. నాలుగోది మా వీధి చివరి లేత్ వర్క్‌షాపులో డ్రిల్లు చేయించాల్సి వచ్చింది. ఇప్పుడు దిగిన ప్రతి సాయంత్రం మరలన్నీ విప్పి, మంచినీళ్లతో కడిగి, గ్రీజు రాసి, ఖాళీ హార్లిక్స్ సీసాలో వేసి ఉంచుతున్నాను.