టిక్‌మనని ట్రిగ్గర్

సంక్రాంతికి ఇల్లు దులుపుతుంటే మధ్యలో మా కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ మొరాయించింది. ట్రిగ్గర్ నొక్కితే ఒకసారి తిరిగేది, ఇంకోసారి ఉలుకూ పలుకూ లేదు. రాత్రంతా ఛార్జింగ్ పెట్టాను, పొద్దున అదే వరస. ఫిల్టర్ కడిగి ఒకరోజు ఆరబెట్టాను. అదీ దండగే. గాలి దారి మూసుకుపోతే మోటారు ఆగి ఆగి తిరుగుతుంది కానీ, ఇలా అసలు మొదలవ్వకుండా ఉండదని తర్వాత తెలిసింది.

వారంటీ ఎప్పుడో అయిపోయింది. సర్వీసు సెంటరులో విప్పి చూడకుండానే "మెయిన్ బాడీ మొత్తం మార్చాలి సార్" అన్నారు. ధర విని, మెషీన్ చంకన పెట్టుకుని విజయవాడ పటమటలోని మా ఇంటికి వచ్చేశాను.

దారి చూపింది మా అమ్మ. "ఒరే, వేలు కాస్త ఎడమకి తోసి నొక్కు, నాకు పనిచేస్తోంది" అంది. నిజమే! అలా నొక్కితే లోపల సన్నగా 'టిక్' మంటోంది, మోటారు తిరుగుతోంది. మామూలుగా నొక్కితే ఆ టిక్ లేదు. అంటే బ్యాటరీ, మోటారు బాగున్నట్టే.

ముందు బ్యాటరీ ఊడదీసి పక్కన పెట్టి, పిడి విప్పాను. మనం నొక్కే ట్రిగ్గర్ ఒట్టి ప్లాస్టిక్ మీట. దాని కొన వెళ్లి లోపలి మైక్రోస్విచ్ బటన్‌ను తోస్తుంది, కరెంటు కలిపేది ఆ స్విచ్. పక్కింటి ఇన్వర్టర్ మెకానిక్ బాబాయి మల్టీమీటర్ ఇచ్చాడు. కరెంటు దారి కలిస్తే మోగే బీప్ మోడ్‌లో దాన్ని పెట్టి, స్విచ్ బటన్‌ను స్క్రూడ్రైవర్‌తో నేరుగా నొక్కితే పదిసార్లకు పదిసార్లూ బీప్. స్విచ్ నిర్దోషి! టార్చి వేసి చూస్తే మీట కొన విరిగి ఉంది, చుట్టూ బందరు రోడ్డు దుమ్ము.

ఫెవిక్విక్ పెట్టాను. అతుకు రెండు రోజులే నిలిచింది. నొక్కిన ప్రతిసారీ బరువు పడేది ఆ అతుకు మీదే మరి. గవర్నర్‌పేటలో ఒక షాపతన్ని అడిగితే "స్విచ్ అయితే 40 రూపాయలు సార్, ఆ ప్లాస్టిక్ ముక్క మా దగ్గర ఉండదు" అన్నాడు. చివరికి మోడల్ నంబరు చూసి ఆన్‌లైన్‌లో ట్రిగ్గర్ ఒక్కటే తెప్పించాను, 350 రూపాయలు.

బిగించేటప్పుడు స్ప్రింగు ఎగిరి సోఫా కింద పడింది. వెతకడానికి అరగంట, బిగించడానికి పది నిమిషాలు. మూత వేయకముందే నొక్కి చూశాను: టిక్.

అమ్మ మాత్రం ఇప్పటికీ వేలు ఎడమకి తోసే నొక్కుతోంది.