గాజులడిగే సాంత్ ఫ్వా

"అమ్మా, ఈ ఒక్క చర్చీ చూసేద్దాం, ఇదే ఆఖరు" అని మా అమ్మాయి మాటిచ్చాకే కారెక్కాను. ఫ్రాన్స్‌లోని టూలూజ్‌లో వాళ్ళింటికి వచ్చిన మూడు వారాల్లో చూసిన చర్చీలకు లెక్కలేదు. ఏది ఏ ఊళ్ళోదో కూడా ఇప్పుడు చెప్పలేను. కోంక్ అనే ఊళ్ళోది ఒక్కటే మనసులో ఉండిపోయింది.

రెండున్నర గంటల ప్రయాణం. కారు ఊరి బయట ఆపి నడవాలి. కొండ వాలుకి అతుక్కున్న చిన్న ఊరు, ఏటవాలు రాతి సందులు, పలక రాళ్ళ కప్పులు. నా మోకాళ్ళ సంగతి అడక్కండి. పక్కనుంచి భుజాన సంచులు, చేతిలో కర్రలతో యాత్రికులు చకచకా దిగిపోతున్నారు. లె పుయ్ అనే ఊరి నుంచి 200 కిలోమీటర్లు నడిచొచ్చారట. ఇక్కడ ఆగి, మళ్ళీ స్పెయిన్‌లోని సాంతియాగో దాకా నడుస్తారట. సంచులకు ఆల్చిప్పలు వేలాడుతున్నాయి, ఆ యాత్రకు అదే గుర్తు. మనవాళ్ళు తిరుపతికి కాలినడకన వెళ్ళినట్టే అనుకున్నాను.

గుడి వాకిలి ముందుకొచ్చాక తెలిసింది, కళ్ళజోడు కారులోనే ఉంది. పాపం, అమ్మాయి మళ్ళీ కొండెక్కి దిగింది. తిట్టలేదు గానీ మొహం చూస్తే తెలిసిపోయింది.

జోడు పెట్టుకుని తల పైకెత్తాను. తలుపుల పైన అర్ధచంద్రాకారంలో రాతి మీద చివరి తీర్పు దృశ్యం, అంటే లోకాంతంలో క్రీస్తు అందరి పాపపుణ్యాలూ తేల్చడం. 12వ శతాబ్దం మొదట్లో చెక్కింది, మొత్తం 124 బొమ్మలు. అక్కడక్కడ పాత రంగులు ఇంకా అంటుకుని ఉన్నాయి. మధ్యలో క్రీస్తు, మనకు ఎడమ పక్క స్వర్గం, కుడి పక్క నరకం. స్వర్గం వైపు అందరూ గ్రూప్ ఫొటోకి నిలబడ్డట్టు బుద్ధిగా ఉన్నారు. నేను ఎక్కువసేపు నరకాన్నే చూశానని ఒప్పుకోవాలి. పిసినారి మెడలో డబ్బు సంచితో వేలాడుతున్నాడు. గర్విష్ఠి గుర్రం మీంచి తలకిందులుగా పడుతున్నాడు. దొంగవేట ఆడినవాణ్ణి చువ్వకి కట్టి కాలుస్తున్నారు, కాల్చేవాళ్ళలో కుందేలు కూడా ఉంది! చెడ్డ సన్యాసులు వలలో చిక్కారు. చెక్కించిందే సన్యాసులు కదా, తమవాళ్ళనీ వదల్లేదు. క్రీస్తు కాళ్ళ కింద ఆత్మల్ని తూచే తక్కెడ. ఒక పక్క దేవదూత, ఇంకో పక్క సైతాను మనిషి. వీడు తన పళ్ళేన్ని వేలితో కిందికి నొక్కుతున్నాడు. కూరగాయల బజారులో రోజూ చూసే పనే. నాకు నవ్వాగలేదు. పైన కమాను అంచు వెంబడి, గోడ చాటు నుంచి పక్కింటి గొడవ చూస్తున్నట్టు చిన్న చిన్న తలలు తొంగిచూస్తున్నాయి.

లోపల రంగుటద్దాలు ఉంటాయనుకుంటే, అన్నీ తెల్లటి కిటికీలే. ఉసూరుమనిపించింది. పియెర్ సూలాజ్ అనే చిత్రకారుడు 104 కిటికీలకు చేసిన అద్దాలట, 1994లో బిగించారు. ఆయన ఇక్కడికి దగ్గర్లోని రోడెజ్‌లో పుట్టాడు. చిన్నప్పుడు ఈ గుళ్ళో నిలబడే చిత్రకళలోకి వెళ్ళాలని నిర్ణయించుకున్నాడట. సాయంత్రం మళ్ళీ వచ్చినప్పుడు అవే అద్దాలు ఒక పక్క నీలంగా, ఇంకో పక్క వెచ్చటి పసుపులో కనిపించాయి. అప్పుడు మాట వెనక్కి తీసుకున్నాను. పూజావేదిక చుట్టూ నడవా ఉంది. యాత్రికులు పవిత్ర అవశేషాల చుట్టూ తిరగడానికి కట్టింది. ఎవరూ చెప్పకుండానే నా కాళ్ళు ప్రదక్షిణం మొదలెట్టాయి.

ఆ అవశేషాలు ఫ్వా అనే పిల్లవి. సాంత్ అంటే పునీతురాలు, ఫ్వా అంటే విశ్వాసం. అజెన్ అనే ఊళ్ళో, పన్నెండేళ్ళ వయసులో, రోమన్ దేవుళ్ళకు మొక్కనన్నందుకు చంపేశారని కథ. కోంక్ సన్యాసి ఒకాయన అజెన్‌కి వెళ్ళి, పదేళ్ళు నమ్మకంగా మెలిగి, 866 ప్రాంతంలో ఆ ఎముకలు ఎత్తుకొచ్చాడని వీళ్ళే గర్వంగా చెప్పుకుంటారు. దొంగతనం అనరు, ఆమే రావాలనుకుందంటారు.

పక్కనే ఖజానా. మసక గదిలో గాజు పెట్టెలో ఫ్వా విగ్రహం కూర్చుని ఉంది. ఎత్తు 85 సెంటీమీటర్లు. లోపల చెక్క, పైన బంగారు రేకు, ఒళ్ళంతా రాళ్ళు, ముత్యాలు, రోమన్ల నాటి చెక్కడపు మణులు. ముఖం పన్నెండేళ్ళ పిల్లది కానే కాదు, బిగుసుకున్న పెద్ద ముఖం. అంతకుముందెప్పుడో చేసిన రోమన్ శిల్పం తల తెచ్చి అమర్చారట. కళ్ళు ఎటో దూరంగా చూస్తున్నాయి. అలంకారం చేసిన మన ఉత్సవ విగ్రహం ముందు నిలబడ్డట్టే ఉంది. దాదాపు చేతులు జోడించాను.

1013లో బెర్నార్డ్ అనే చదువుకున్న మతగురువు ఉత్తరాది నుంచి వచ్చి ఇలాంటి బొమ్మల్ని చూసి నవ్వాడట, ఇదేం విగ్రహారాధన అని. తర్వాత ఆయనే మారిపోయి ఆమె మహిమలన్నీ రాసిపెట్టాడు. అందులో నాకు నచ్చింది టూలూజ్‌ని ఏలిన ప్రభువు (కౌంట్) భార్య ఆర్సిండ్ కథ. ఫ్వా ఆమె కల్లోకి వచ్చి బంగారు గాజులడిగింది. కొడుకును ప్రసాదిస్తే ఇస్తానని ఆవిడ బేరం పెట్టింది. ఇద్దరు కొడుకులు పుట్టారు, గాజులు కోంక్ చేరాయి. మొక్కు అంటే ఎక్కడైనా ఇంతేనేమో.

ఫ్రెంచి విప్లవం రోజుల్లో చర్చీల బంగారాన్ని ప్రభుత్వం కరిగిస్తుంటే, ఊరివాళ్ళు ఈ ఖజానాని పంచుకుని ఇళ్ళల్లో దాచారు. గండం గడిచాక తిరిగి తెచ్చిచ్చారు. బొమ్మ కన్నా ఆ మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగిపోయాను. అంత బంగారం ఇంట్లో పెట్టుకుని, మళ్ళీ ఇచ్చేశారా!

తిరిగి కారు దాకా ఎక్కుతుంటే ఆయాసం. దారిలో ఆగి చేతులు రుద్దుకుంటున్నాను.

"ఇవాళ రాత్రి ఆవిడ నీ కల్లోకొచ్చి గాజులడిగితే ఏం చేస్తావమ్మా?" అంది అమ్మాయి.

"మీ నాన్ననడిగి చెప్తానంటాను."

"మోకాళ్ళు నయం చేస్తానంటే?"

"అయితే ఒకటిస్తాను, రెండోది నడిచి చూశాక."